మేనేజ్‌మెంట్ చదివితే ఏమవుతారు? హోదా పేర్ల వెనక ఉండే అసలు పని

క్లుప్తంగా: బిజినెస్ మేనేజ్‌మెంట్ పట్టా ఏ ఒక్క వృత్తికీ లైసెన్సు కాదు. అందుకే ఈ కోర్సు పూర్తిచేసినవారి ముందు ఫైనాన్స్, సేల్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్, మానవ వనరులు, కన్సల్టింగ్ అంటూ అరడజను దారులు ఒకేసారి కనిపిస్తాయి. ఏది ఎలాంటిదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఉద్యోగాలను పేర్లతో పోల్చడం వల్లే ఈ గందరగోళం. సంస్థలో ప్రతి విభాగమూ ఏదో ఒక చిక్కును విప్పడానికి పుట్టింది. ఆ చిక్కు ఏమిటి, అది విడిందో లేదో ఎంతకాలానికి తెలుస్తుంది, అక్కడ నేర్చుకున్నది మరోచోట పనికొస్తుందా అని చూస్తే దారుల మధ్య తేడాలు స్పష్టమవుతాయి.

### పట్టా ఉంది, వృత్తి పేరు లేదు

వైద్యం చదివినవారు వైద్యులవుతారు, న్యాయశాస్త్రం చదివినవారు న్యాయవాదులవుతారు. ఆ రెండు చోట్లా చదువుకీ పనికీ మధ్య చట్టం కాపలా కాస్తుంది. పట్టా, నమోదు లేనివారిని లోపలికి రానివ్వదు. మేనేజర్ పనికి అలాంటి కాపలా లేదు. ఇంజనీరు మేనేజర్ కావచ్చు, చరిత్ర చదివినవారు కావచ్చు, అమ్మకాల కౌంటర్ దగ్గర మొదలుపెట్టి ఎదిగినవారూ కావచ్చు. మేనేజ్‌మెంట్ విద్యార్థికి పోటీ తోటి మేనేజ్‌మెంట్ విద్యార్థులతో మాత్రమే కాదన్నమాట.

మరి పట్టాకి విలువ ఎక్కణ్నుంచి వస్తోంది? అర్థశాస్త్రం దీనికి రెండు జవాబులు చెబుతుంది. మొదటిది 1960ల్లో గ్యారీ బెకర్ వంటివారు విస్తరించిన మానవ మూలధన సిద్ధాంతం. చదువు నైపుణ్యాన్ని పెంచుతుంది, పెరిగిన నైపుణ్యానికే జీతం అంటుందది. రెండోది 1973లో మైఖేల్ స్పెన్స్ ప్రతిపాదించిన సంకేత సిద్ధాంతం. అభ్యర్థి ఎంతటివాడో యజమానికి ముందుగా తెలిసే వీలు లేదు కాబట్టి, కష్టమైన ప్రవేశ పరీక్ష దాటి కోర్సు పూర్తిచేయడాన్నే సామర్థ్యానికి గుర్తుగా తీసుకుంటాడు. స్పెన్స్‌కి 2001లో అర్థశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది ఈ తరహా పరిశోధనకే.

మేనేజ్‌మెంట్ చదువులో ఈ రెండూ కలిసే ఉంటాయి, పాళ్లే వేరు. పేరున్న కాలేజీ పట్టాలో సంకేతం పాలు ఎక్కువ. అంతగా పేరు లేని చోటు నుంచి వచ్చినవారు నైపుణ్యాన్ని చేతల్లో చూపించక తప్పదు. సంకేతానికి గడువు కూడా ఉంటుంది. తొలి ఉద్యోగం ఇప్పించడంలో అది బలంగా పనిచేస్తుంది. రెండో ఉద్యోగం నాటికి ఇంటర్వ్యూలో ప్రశ్నలు కాలేజీ మీద నుంచి చేసిన పని మీదకి మళ్లుతాయి. కాబట్టి తొలి ఉద్యోగంలో జీతం ఎంత అన్నదానితో సమానంగా, అక్కడ ఏ పని చేతికొస్తుంది అన్నదీ లెక్కలోకి వస్తుంది.

### యాభై మైళ్లు, ఐదువందల మైళ్లు

మేనేజర్ అనే జీతగాడు ఎందుకు అవసరమయ్యాడో తెలిస్తే నేటి విభాగాలు ఇలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. 1850ల్లో న్యూయార్క్ అండ్ ఈరీ రైల్వేకి సూపరింటెండెంట్‌గా ఉన్న డేనియల్ మెకల్లమ్ తన నివేదికలో ఒక మామూలు సంగతినే ఎత్తిచూపారు. యాభై మైళ్ల రైలు మార్గాన్ని ఒక అధికారి స్వయంగా తిరిగి చూసుకోగలడు. ఐదువందల మైళ్లయితే అది కుదరదు. అందుకని మార్గాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగానికి బాధ్యుణ్ని పెట్టి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో 1855లో పటంగా గీయించారు. సంస్థ నిర్మాణాన్ని చూపే తొలి పటాల్లో అదొకటి. యజమాని చూపు ఆనని దూరంలో, యజమాని తరఫున నిర్ణయం తీసుకునే మనిషి అలా అవసరమయ్యాడు.

బడి ఆ తర్వాత వచ్చింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వార్టన్ స్కూల్ 1881లో, ఎంబీఏ అనే పట్టాతో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలయ్యాయి. పని ముందు పుట్టి చదువు వెనక రావడం చిన్న సంగతి కాదు. నేటికీ సిలబస్ ఒక అడుగు వెనకే నడుస్తుంటుంది.

మిగతా విభాగాలదీ ఇదే కథ. రసాయనాలు తయారుచేసే అమెరికా కంపెనీ డ్యూపాంట్ రకరకాల వ్యాపారాల్లోకి విస్తరించినప్పుడు, పెట్టిన పెట్టుబడికి ఏ వ్యాపారం ఎంత రాబడి ఇస్తోందో ఒకే కొలమానంతో చూడాల్సి వచ్చింది. 1910ల దశకంలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ రూపొందించిన ఆ లెక్క ఇప్పటికీ ఫైనాన్స్ తరగతుల్లో డ్యూపాంట్ విశ్లేషణ పేరుతోనే ఉంది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌లో కామే సబ్బు చూసుకుంటున్న నీల్ మెకల్‌రాయ్‌కి మరో తలనొప్పి ఎదురైంది. తన సబ్బు సొంత కంపెనీవారి ఐవరీ సబ్బు నీడలోనే ఉండిపోతోంది. ఒక్కో బ్రాండుకు ఒక్కో బృందం పూర్తి బాధ్యత తీసుకోవాలంటూ 1931లో ఆయన రాసిన మెమో నుంచే బ్రాండ్ మేనేజర్ అనే ఉద్యోగం పుట్టింది. షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో 1924లో దీపాల వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని మొదలైన ప్రయోగాలు, పనివాళ్ల మనసు, బృందంలోని సంబంధాలు కూడా లెక్కలోకి వస్తాయన్న చర్చకు దారితీశాయి. మానవ వనరుల విభాగం తన పూర్వచరిత్రలో ఆ ప్రయోగాలను ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఉద్యోగ ప్రకటనల్లో కనిపించని ఒక పాత విభజన ఇక్కడ గుర్తుంచుకోవాలి: లైన్, స్టాఫ్. సరుకు తయారుచేసేవారు, అమ్మేవారు, చేరవేసేవారు లైన్. వారికి లెక్కలు, సలహా, నియామకాలు, న్యాయ సహాయం అందించేవారు స్టాఫ్. లైన్‌లో ఫలితం నేరుగా తలమీద పడుతుంది. స్టాఫ్‌లో ప్రభావం ఉంటుంది కానీ చివరి మాట చాలాసార్లు వేరేవారిది. మేనేజ్‌మెంట్ విద్యార్థుల్లో ఎక్కువమంది స్టాఫ్ పనులవైపు మొగ్గుతారు. ఏసీ గది, నివేదికలు, పెద్దలతో సమావేశాలు ఉంటాయి కాబట్టి అవి మేనేజ్‌మెంట్‌లాగా కనిపిస్తాయి. కానీ సంస్థ మొత్తాన్ని నడిపే స్థానాలకు మనిషిని వెతికేటప్పుడు, లాభనష్టాల బాధ్యత ఎప్పుడైనా మోశారా అన్న ప్రశ్న తప్పక వస్తుంది.

### ఫైనాన్స్: లాభం ఒకటి, చేతిలో డబ్బు మరొకటి

బయటినుంచి చూసేవారికి అకౌంటింగ్, ఫైనాన్స్ ఒకటే. లోపల రెండూ ఎదురెదురు దిక్కులు చూస్తాయి. అకౌంటెంట్ జరిగినదాన్ని నిబంధనల ప్రకారం నమోదు చేస్తారు. ఫైనాన్స్ విశ్లేషకులు జరగబోయేదాన్ని అంచనా వేసి, ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతారు. మొదటిదానిలో తప్పుకు తావుండకూడదు. రెండోదానిలో తప్పు ఎటూ తప్పదు, ఎంత తప్పితే తట్టుకోగలమన్నదే ప్రశ్న.

ఈ విభాగం అసలు పనిని ఒక చిన్న లెక్క చూపిస్తుంది. ఒక కంపెనీకి ముడిసరుకు ఖర్చు నెలకు 100 అనుకుందాం. సరఫరాదారుకు 30 రోజుల్లో చెల్లించాలి, కొన్నవారు మాత్రం 90 రోజులకు ఇస్తారు. మధ్యలో 60 రోజుల ఎడం ఉంది కాబట్టి ఏ సమయంలో చూసినా సుమారు 200 బయట ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాలు రెట్టింపైతే ఇరుక్కునే సొమ్ము 400 అవుతుంది. పుస్తకాల్లో లాభం పెరుగుతూనే ఉంటుంది, జీతాల రోజున మాత్రం బ్యాంకులో డబ్బుండదు. ఎదుగుతున్న వ్యాపారాలు కూలిపోయే దారుల్లో ఇదొకటి. వర్కింగ్ క్యాపిటల్, ట్రెజరీ, క్రెడిట్ విభాగాల ఉద్యోగాలన్నీ ఈ ఎడం చుట్టూ తిరిగేవే. పెట్టుబడి బ్యాంకింగ్‌కున్న మెరుపు వీటికి లేదు, అవసరం మాత్రం వ్యాపారం ఉన్న ప్రతిచోటా ఉంది.

ఈ రంగంలో ఉద్యోగాల సంఖ్యను మార్కెట్‌తో పాటు చట్టం కూడా నిర్ణయిస్తుంది. 2001 డిసెంబరులో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్, ఖాతాల్లో మోసం బయటపడి దివాలా తీసింది. మరుసటి ఏడాదే అమెరికాలో సార్బేన్స్–ఆక్స్‌లీ చట్టం వచ్చి, ఆర్థిక నివేదికల వెనక ఉన్న అంతర్గత నియంత్రణలు సరిగా ఉన్నాయో లేదో యాజమాన్యమే పరీక్షించి చెప్పాలంది. ఇంటర్నల్ ఆడిట్ (లోపలి తనిఖీ), కంప్లయన్స్ (నిబంధనల పాటింపు) పనులకు గిరాకీ పెరగడానికి అది పెద్ద కారణం. 2008 సంక్షోభం తర్వాత బ్యాంకుల మూలధన నిబంధనలు కఠినమైనప్పుడు రిస్క్ విభాగాల్లోనూ అదే జరిగింది. ఒక కుంభకోణం, ఒక చట్టం, ఆ వెంటే కొత్త ఉద్యోగాలు, ఈ వరుస ఇక్కడ మళ్లీమళ్లీ కనిపిస్తుంది.

పట్టాతో పాటు మరో అర్హత అడగడం కూడా ఇక్కడే ఎక్కువ. ఆడిట్ నివేదికపై సంతకం చేయడానికి చాలా దేశాల్లో చార్టర్డ్ అకౌంటెంట్ తరహా లైసెన్సు ఉండాలి. పెట్టుబడుల విశ్లేషణలో 1963 నుంచి నడుస్తున్న సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) పరీక్షలకు గుర్తింపు ఉంది. మేనేజ్‌మెంట్ పట్టా ఒక్కటే ఈ తలుపులన్నీ తెరవదన్న సంగతి కోర్సు మొదట్లోనే తెలిస్తే రెండు మూడేళ్లు కలిసొస్తాయి.

### అమ్మకం ఒకరిది, మార్కెటింగ్ మరొకరిది

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల తొలి ఉద్యోగంలో నిరాశపడేవారు చాలామంది. ఎవరికి ఏం కావాలి, ఎంత ధర పెట్టాలి, ఏ మాటతో చెప్పాలి అన్నది మార్కెటింగ్. ఎదురుగా ఉన్న మనిషి చేత అవుననిపించుకోవడం సేల్స్. బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్, రిలేషన్‌షిప్ మేనేజర్, గ్రోత్ అసోసియేట్ వంటి హోదాలు వినడానికి వేరువేరుగా ఉన్నా, టార్గెట్, కమిషన్ అన్న మాటలు కనిపిస్తే అది అమ్మకాల ఉద్యోగమే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత కొన్ని ప్రకటనలకు అతికినట్టు సరిపోతుంది.

అయినా సేల్స్‌ను తక్కువగా చూడటానికి కారణం లేదు. నెల తిరిగేసరికి ఫలితం అంకెలో కనిపించే పని ఇది. కొత్తవారి చేతికి తొందరగా బాధ్యత వస్తుంది. కొనేవారు ఏ మాటకు తల తిప్పుకుంటారో నేరుగా తెలుస్తుంది. అందుకే చాలా వినియోగ వస్తువుల కంపెనీలు మార్కెటింగ్‌కి తీసుకున్నవారిని సైతం ముందు కొంతకాలం సేల్స్‌లో తిప్పుతాయి. జీతంలో కొంత భాగం అమ్మకాలతో ముడిపడి ఉండటంవల్ల ఆదాయం ఒడిదుడుకులకు లోనవుతుంది. సంస్థ తన రిస్కులో కొంత ఉద్యోగి భుజం మీద పెట్టడమే ఇది.

మార్కెటింగ్ లోపల కూడా చీలిక వచ్చింది. బ్రాండ్ పనికి ఫలితం కనిపించాలంటే ఏళ్లు పడుతుంది. డిజిటల్ ప్రకటనల్లో ఎవరు నొక్కారు, ఎవరు కొన్నారు అన్నది గంటల్లో తెలుస్తుంది. మొదటిదానికి మనుషుల అలవాట్లను చదివే ఓపిక కావాలి, రెండోదానికి గణాంకాల మీద పట్టు కావాలి. కంపెనీలో ఈ రెండు బృందాలకూ బడ్జెట్ దగ్గర పేచీ రావడం మామూలే. ఇక సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కనిపించే ప్రొడక్ట్ మేనేజర్ పనికి మూలాలు కొంతవరకు ఆ పాత బ్రాండ్ మేనేజర్‌లోనే ఉన్నాయి. ఒక వస్తువు గెలుపోటములకు జవాబు చెప్పాలి, దాన్ని తయారుచేసే ఇంజనీర్ల మీద మాత్రం అధికారం ఉండదు.

### ఆపరేషన్స్: కనబడకపోతేనే బాగా జరుగుతున్నట్టు

సరుకు తయారీ, నిల్వ, చేరవేత చూసుకోవడమే ఆపరేషన్స్. సరుకు సమయానికి వస్తే సరఫరా విభాగం ఊసు ఎవరూ ఎత్తరు. 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ నౌక సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసినప్పుడు మాత్రం ఈ పని ఏమిటో లోకానికంతటికీ తెలిసింది. నిల్వలు తగ్గించుకుని, ఏ రోజు సరుకు ఆ రోజే తెప్పించుకునే పద్ధతి ఖర్చును తగ్గిస్తుంది. దారిలో ఎక్కడ అడ్డం పడినా అదే పద్ధతి కర్మాగారాన్ని ఆపేస్తుంది. ఎంత నిల్వ ఉంచాలి, ఎంతమంది సరఫరాదారులు ఉండాలి అన్న ప్రశ్నకు శాశ్వతమైన జవాబు లేదు. జవాబు మారుతున్నంతకాలం ఈ ఉద్యోగం ఉంటుంది.

ఈ పనికి సాయపడే సూత్రాల్లో ఒకటి చాలా చిన్నది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన దాని ప్రకారం, ఒక వ్యవస్థలో సగటున ఉండే పనుల సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కొక్కటి లోపల గడిపే సమయంతో గుణిస్తే వస్తుంది. గంటకు 20 ఆర్డర్లు వచ్చి, ఒక్కోటి 3 గంటలు ఉంటే, ఎప్పుడు చూసినా సగటున 60 ఆర్డర్లు పేరుకుని ఉంటాయి. గోదాముకైనా, ఆసుపత్రి క్యూకైనా, కాల్ సెంటర్‌కైనా ఇదే లెక్క. అంటే ఆపరేషన్స్‌లో చేయి తిరిగినవారికి రంగం మారడం మిగతావారికంటే తేలిక. విద్యార్థుల మొగ్గు ఇటు తక్కువగా ఉండటానికి షిఫ్టులు, దూరపు ప్లాంట్లు, దుమ్ము కారణాలు కావచ్చు. కానీ పోటీ తక్కువగా ఉండి బాధ్యత త్వరగా దక్కే చోటు అదే.

మానవ వనరుల విభాగం గురించి ఉన్న అపోహ ఒక్కటి తొలగితే చాలు. మనుషులంటే ఇష్టం కాబట్టి హెచ్‌ఆర్ అన్నది బలహీనమైన కారణం. నియామకాలు సేల్స్‌కి దగ్గరి పని, జీతభత్యాల రూపకల్పన గణాంకాల పని, కార్మిక సంబంధాలు చట్టం, బేరసారాల పని. మనుషులకు చేదు కబురు చెప్పాల్సిన బాధ్యతా ఈ విభాగానిదే.

### కన్సల్టింగ్ ఎందుకంత ఆకర్షణ

ఇతర కంపెనీలకు సలహాలు అమ్మే కన్సల్టింగ్ సంస్థల నిర్మాణం పిరమిడ్ లాంటిది. పైన కొద్దిమంది భాగస్వాములు పని తెస్తారు, కింద చాలామంది యువ విశ్లేషకులు చేస్తారు. రెండు మూడేళ్లకోసారి పైమెట్టు ఎక్కాలి, లేదా బయటికి నడవాలి. 1950ల్లో మెకిన్సీ అనే కన్సల్టింగ్ సంస్థ అనుభవజ్ఞులకు బదులు బిజినెస్ స్కూళ్ల నుంచి అప్పుడే బయటికొచ్చినవారిని తీసుకోవడం మొదలుపెట్టాక ఈ నమూనా స్థిరపడింది. కొద్దికాలంలోనే అనేక పరిశ్రమలను దగ్గరగా చూడటం ఇందులో లాభం. సలహా అమలయ్యేనాటికి సలహా ఇచ్చినవారు అక్కడ ఉండకపోవడం లోటు. తన లెక్క తప్పిందో ఒప్పిందో తెలియకుండానే తర్వాతి ప్రాజెక్టుకు వెళ్లిపోయేవారు తప్పుల నుంచి నేర్చుకునేది తక్కువ. ఆకర్షణకు మరో కారణం కూడా ఉంది. ఏ రంగమో ఇంకా తేల్చుకోనివారికి నిర్ణయాన్ని గౌరవంగా వాయిదా వేసుకునే వీలు ఇందులో ఉంది.

### కృత్రిమ మేధ తాకేది మొదటి మెట్టునే

1979లో విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చేదాకా బడ్జెట్‌లో ఒక అంకె మారితే పేజీలకు పేజీలు చేత్తో తిరిగి లెక్కవేయాల్సి వచ్చేది. ఆ చాకిరీ పోయింది కానీ విశ్లేషణ పని తగ్గలేదు. తిరిగి లెక్కవేయడం తేలికయ్యేసరికి, ధర ఇలా మారితే ఏమవుతుంది, వడ్డీ అలా మారితే ఏమవుతుంది అని అడిగేవారు పెరిగారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తర్వాత ఇదే పోలికను చాలామంది తెస్తున్నారు. పోలిక సగమే సరైనది. స్ప్రెడ్‌షీట్ లెక్క మాత్రమే చేసింది, ఏం లెక్కించాలో, ఎలా రాయాలో కొత్త ఉద్యోగికే వదిలింది. ఇప్పటి పరికరాలు తొలి ముసాయిదా, సమావేశ సారాంశం, స్లైడ్లు, పోటీదారుల పట్టిక వంటివి కూడా చేసిపెడతాయి. మేనేజ్‌మెంట్ పట్టభద్రులు మొదటి రెండేళ్లలో చేసే పని చాలావరకు ఇదే. పిరమిడ్ అడుగు పలచబడితే జీతాల ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ రేపటి సీనియర్లు నేర్చుకునే చోటు కూడా ఆ అడుగే. ఈ చిక్కుకు కంపెనీల దగ్గర ఇంకా సిద్ధమైన జవాబు లేదు.

ఏ పనులు ఎక్కువగా మారతాయో ఊహించడానికి ఒక కొలత పనికొస్తుంది. చేయడం కష్టమై, సరిచూడటం తేలికైన పనులు యంత్రానికి తొందరగా వెళతాయి. తప్పొప్పులు తేలడానికి నెలలు పట్టేవి, ఎదుటి మనిషి నమ్మకం మీద నడిచేవి, ఎవరో ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాల్సినవి నెమ్మదిగా మారతాయి. అప్పు ఇవ్వాలా వద్దా అన్న నివేదికను యంత్రం రాయవచ్చు. అప్పు మునిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం మనిషే.

### పోల్చాల్సింది వేటిని

ఫలితం ఎంతకాలానికి తెలుస్తుందన్నది మొదటి తేడా. ఆపరేషన్స్‌లో ఆ రోజే, సేల్స్‌లో నెలకు, అప్పుల మదింపులో, బ్రాండ్ పనిలో కొన్నేళ్లకు తెలుస్తుంది. త్వరగా తెలిసే చోట నేర్చుకునే వేగం ఎక్కువ, ఒత్తిడీ ఎక్కువ. ఆలస్యంగా తెలిసే చోట తప్పును దాచుకునే వీలుంటుంది. మంచి పని చేసినవారికి పేరు రాకపోవడమూ అక్కడ అంతే మామూలు.

రెండోది, నేర్చుకున్నది వెంట వస్తుందా అన్నది. ఎక్కడైనా పనికొచ్చే శిక్షణ, ఒక్క సంస్థకే పనికొచ్చే శిక్షణ అని బెకర్ చేసిన విభజన ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అకౌంటింగ్ సూత్రాలు, గణాంకాలు, బేరమాడటం ఎక్కడికైనా వస్తాయి. ఒక రంగంలో కూడగట్టుకున్న కొనుగోలుదారుల పరిచయాలు ఆ రంగం దాటవు. ఫలానా కంపెనీ అంతర్గత సాఫ్ట్‌వేర్, ఆమోదాల వరుస, ఎవరి బల్ల మీద ఫైలు ఆగుతుందన్న జ్ఞానం ఆ గేటు దాటితే విలువ కోల్పోతుంది. రెండో రకం శిక్షణ మీదే ఏళ్లు గడిపినవారికి పదోన్నతి లోపల వస్తుంది, బయట మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

సొంత వ్యాపారాన్ని ఈ పట్టికలో విడిగా పెట్టాలి. పైన చెప్పిన విభాగాలన్నీ ఒకే మనిషి నెత్తిన పడే చోటు అది. కోర్సులో నేర్పే పాఠాలు చాలావరకు ఇప్పటికే నడుస్తున్న పెద్ద సంస్థను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మొదటి కొనుగోలుదారును వెతకడం వాటిలో పెద్దగా ఉండదు. ముందు కొన్నేళ్లు ఎవరి దగ్గరైనా సేల్స్ లేదా ఆపరేషన్స్ చేసినవారికి ఆ ఖాళీ కొంత పూడుతుంది.

ఉద్యోగ ప్రకటనలో ఇవన్నీ రాసి ఉండవు, ఇంటర్వ్యూలో అడిగి తెలుసుకోవచ్చు. ఏడాది చివర ఈ ఉద్యోగి పనిని ఏ అంకెతో కొలుస్తారు? ఆ అంకె మారడం అతని చేతిలో ఎంతవరకు ఉంది? ఇంతకుముందు ఈ కుర్చీలో ఉన్నవారు ఇప్పుడు ఎక్కడున్నారు? మూడో ప్రశ్నకు పదోన్నతి మీద వెళ్లారన్న జవాబు వస్తే దారి ముందుకు ఉన్నట్టు. ఏడాదిలో ముగ్గురు మారారని తేలితే హోదా పేరు ఎంత బాగున్నా కారణం కనుక్కోవాలి. ఇది కొత్తగా సృష్టించిన పోస్టు అంటే, మొదటి ప్రశ్నకు కూడా వాళ్ల దగ్గర స్పష్టమైన జవాబు ఉండకపోవచ్చు.